జర్మనీలో రెండు చక్రాల సామాన్ల బండి: కొన్నేళ్లు లాగిన తర్వాత

కారు లేకుండా జర్మనీలో ఉండేవాళ్లు ఈ లాగుడు బండి సంచి, అంటే రెండు చక్రాల ఫ్రేముకు తగిలించి చేత్తో లాక్కెళ్లే సంచి, కొనాలా వద్దా అని అడుగుతుంటారు. కొనండి. కాకపోతే చక్రాలు చూసి కొనండి. రంగు, డిజైను తర్వాత సంగతి.

ఇక్కడ ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలోని షాపులు, పెట్రోల్ బంకులు, కొన్ని గంటలు తెరిచే బేకరీలు తప్ప ఊరంతా సెలవే. పెరుగు అయిపోతే పిల్లాణ్ణి పరిగెత్తించడానికి సందు చివర కిరాణా కొట్టు ఉండదు. అందుకని ఉద్యోగం చేసేవాళ్లకు వారం పనులన్నీ శనివారం నెత్తిన పడతాయి. ఖాళీ సీసాలు ఇచ్చి రావాలి, కూరగాయలు, పాలు తేవాలి, ఇండియన్ షాపులో పది కిలోల సోనా మసూరి తీసుకోవాలి. విడిగా చూస్తే ఏదీ పెద్ద పని కాదు. అన్నీ ఒకే పూట, ట్రామ్ ఎక్కుతూ దిగుతూ చేయాల్సి రావడమే టెన్షన్.

సీసాల సంగతే తీసుకోండి. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ నీళ్ల సీసా, కూల్‌డ్రింక్ క్యాన్ కొన్నప్పుడు 25 సెంట్లు డిపాజిట్ తీసుకుంటారు. మామూలు బీరు సీసాకైతే 8 సెంట్లు. ఖాళీవి సూపర్ మార్కెట్‌లోని మిషన్‌లో వేస్తే చీటీ వస్తుంది, బిల్లులో అంత తగ్గిస్తారు. సీసా నలిగితే మిషన్ బార్‌కోడ్ చదవలేక వెనక్కి నెట్టేస్తుంది. కాబట్టి నలపకుండా మోయాలి. బరువు లేకపోయినా చోటంతా అవే తినేస్తాయి. ఈ బండి నిజంగా పనికొచ్చేది ఇక్కడే. వెళ్లేటప్పుడు సీసాలు, వచ్చేటప్పుడు బియ్యం. డిపాజిట్ లేని పచ్చడి గాజు సీసాలు కూడా ఇందులోనే వేసుకెళ్లి, వీధిలో వాడేసిన గాజు వేసే డబ్బాల్లో రంగుల వారీగా పడేస్తాను. ఆ పని కూడా ఆదివారం చేయకూడదు, చప్పుడవుతుందని.

సంచి మూతి వెడల్పుగా ఉండాలి. బిల్లింగ్ దగ్గర క్యాషియర్ చేతివేగానికి మన చేతులు అందుకోలేవు, సంచిలో సర్దిపెట్టే మనిషి ఉండడు, వెనక లైన్లో వాళ్ల చూపులు ఒకటి. వెనక చిన్న జేబు ఉన్నదే తీసుకోండి. మార్కెట్ ట్రాలీ తాళానికి ఒక యూరో నాణెం, కార్డు తీసుకోని కొట్లకు నోట్లు, పార్సిల్ చీటీ అందులో ఉంటాయి.

పార్సిల్ విషయంలో మాత్రం ఏ బండీ ఆదుకోదు. చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబర్లుండవు, కాలింగ్ బెల్ మీద, పోస్టు డబ్బా మీద ఉన్న పేరే అడ్రస్. మనకేమో పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, ఆర్డర్‌లో ఇంకోలా, ఇంటినుంచి అమ్మ పంపిన పెట్టె మీద పొడి అక్షరాలతో మరోలా ఉంటుంది. ఇంట్లో లేనప్పుడు చీటీ పెట్టి వెళ్తారు, తీసుకోవడానికి వెళ్తే పాస్‌పోర్టు అడుగుతారు. పేర్లు కలవకపోతే కౌంటర్ దగ్గర వాదన మొదలు. బెల్ మీద ఏ పేరుందో అదే అందరికీ ఇవ్వండి.

చక్రాలు. నా మొదటి బండికి చిన్న గట్టి ప్లాస్టిక్ చక్రాలు. పాత ఊరి రాళ్లు పరిచిన వీధుల్లో అది చేసే గోలకు అందరూ తిరిగి చూసేవారు, చివరికి ఇరుసు వంగింది. ఇప్పటిది పెద్ద రబ్బరు చక్రాలది, హాయిగా పోతుంది. మెట్లెక్కడానికి పక్కకు మూడేసి చక్రాలున్నవీ వస్తాయి. స్నేహితుడిది వాడి చూశాను: స్టేషన్‌లో లిఫ్ట్ పాడైన రోజు ఉపయోగమే, కానీ మెట్టు మెట్టుకూ కుదుపు, అడుగున టమాటాలుంటే అంతే. లిఫ్ట్ లేని పాత బిల్డింగులో పై అంతస్తువాళ్లకైతే అదే నయం.

నా దానికి ఫ్రేము ఇంకా గట్టిగానే ఉంది. గుడ్డ మాత్రం అడుగున అరిగి చిరిగింది, ఆ మోడల్‌కు సంచి విడిగా అమ్మరు. కొనే ముందు అది కనుక్కోండి.