మేయర్ కుర్చీ మార్పిడి: జీవీఎంసీకి ఎన్ని మార్కులు?

హోటల్‌కి, క్యాబ్‌కి, కొరియర్‌కి మార్కులేస్తాం. పన్ను కట్టించుకునే నగరపాలక సంస్థ తన సొంత కుర్చీ ఖాళీ అయితే ఎలా నింపుకుందో దానికి మాత్రం ఎవరూ వేయరు. విశాఖలో, అంటే జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ మహానగర పాలక సంస్థ)లో, 2025 ఏప్రిల్‌లో రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి: మేయర్‌ది, ఒక డిప్యూటీ మేయర్‌ది. మొదటిదానికి ఐదులో మూడున్నర, రెండోదానికి ఒకటిన్నర.

ముందు లెక్క. 2021 మార్చిలో 98 వార్డులకు ఎన్నికలు జరిగితే వైసీపీకి 58, టీడీపీకి 30, జనసేనకు 3, బీజేపీ, సీపీఐ, సీపీఎంలకు తలా ఒకటి, స్వతంత్రులకు 4 వచ్చాయి. మార్చి 18న వైసీపీ నుంచి గొలగాని హరి వెంకటకుమారి మేయర్ అయ్యారు. నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. ఈలోగా వైసీపీ కార్పొరేటర్లు కొందరు టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి వైపు మారారు. గడువు నిండిన వెంటనే, 2025 మార్చిలోనే, కూటమి ఇచ్చిన నోటీసు కలెక్టర్ చేతికి వెళ్లింది. నోటీసు మీద సగం మంది సంతకాలు ఉంటే చాలు. నెగ్గాలంటే మాత్రం మూడింట రెండొంతులు కావాలి, అదీ హాజరైనవాళ్లలో కాదు, ఓటు హక్కున్న మొత్తం సభ్యుల్లో. కార్పొరేటర్లు 97 మంది (ఒక సీటు ఖాళీ), ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా సభ్యత్వం) హోదాలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు 14 మంది, మొత్తం 111. అందులో మూడింట రెండొంతులంటే 74. ఏప్రిల్ 19న పడినవి సరిగ్గా 74. ఒక్కరికి జ్వరం వచ్చినా తీర్మానం వీగిపోయేది.

ఈ పద్ధతిలో తిరకాసు ఇక్కడే ఉంది. వైసీపీ సభకే రాలేదు. లెక్క మొత్తం సభ్యుల మీద కాబట్టి రాకపోవడమూ వ్యతిరేక ఓటుతో సమానమే. అందుకే క్యాంపులు. కార్పొరేటర్లను బస్సులు, విమానాలు ఎక్కించి విదేశాల దాకా తిప్పుకొచ్చారు. ఆ వారాల్లో వార్డులో పైపు పగిలితే ఫోన్ చేయాల్సిన మనిషి ఊళ్లోనే లేడు. సగం మార్కు కోసింది దీనికే.

కుర్చీ నింపడంలో మాత్రం జాప్యం లేదు. 19న పాత మేయర్ దిగిపోతే 28న టీడీపీ నుంచి పీలా శ్రీనివాసరావు పోటీ లేకుండా ఎన్నికయ్యారు. తొమ్మిది రోజులు. సర్కారీ పనుల్లో ఈ వేగం అరుదు. ఎంపిక కూడా సబబే. అప్పటిదాకా ఆయన కౌన్సిల్‌లో టీడీపీ ఫ్లోర్ లీడర్. నాలుగేళ్లు ఎదుటి బల్ల మీద కూర్చున్నవాడికి సభ ఎక్కడ గాడి తప్పుతుందో తెలుస్తుంది. ఎమ్మెల్యే టికెట్ రానందుకు ఓదార్పుగా కుర్చీ ఇచ్చిన మనిషికంటే ఇలాంటివాళ్లే నయం.

డిప్యూటీ మేయర్ దగ్గరకొచ్చేసరికి బండి మొరాయించింది. ఏప్రిల్ 26న జియ్యాని శ్రీధర్‌పై అవిశ్వాసం నెగ్గింది. పొత్తు ధర్మం ప్రకారం పదవి జనసేనకన్నారు. మే 19న ఎన్నిక పెడితే కోరం (సభకు కావాల్సిన కనీస హాజరు) లేదు. కొత్త మేయర్‌ని కూర్చోబెట్టడానికి దొరికిన బలం మూడు వారాలు తిరిగేసరికి సభ తలుపు దగ్గరికే రాలేదు. మర్నాడు మళ్లీ సభ పెట్టి జనసేన కార్పొరేటర్ దల్లి గోవిందరాజును ఎన్నుకున్నారు. ఖాళీ నింపడానికి పట్టింది 24 రోజులు. జీవీఎంసీకి ఇద్దరు డిప్యూటీ మేయర్లు కాబట్టి పని ఆగలేదు. పదవి ఎవరికన్నది పార్టీల మధ్య ముందే తేలినా, ఆ మాట కార్పొరేటర్ల చెవిన సరిగ్గా వేయకపోతే ఇలాగే అవుతుంది.

అసలు ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటే మనకేంటి అనేవాళ్లున్నారు. ఆ మాటలో సగం నిజముంది. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం ప్రకారం ఫైళ్ల మీద సంతకం, సిబ్బంది, బిల్లుల చెల్లింపు అన్నీ కమిషనర్ చేతిలో ఉంటాయి. మేయర్ చేతిలో ఉన్నది ఎజెండా, గంట. కానీ ఆ రెండూ తక్కువవేమీ కావు. టేబుల్ ఎజెండానే చూడండి. ముందుగా అందరికీ పంపే ఎజెండా పుస్తకంలో లేని అంశాన్ని సభ జరుగుతుండగా బల్ల మీద పెడతారు. అటు జీరో అవర్‌లో తాగునీటి మీద కేకలు, ఇటు పోడియం దగ్గర గుంపు, ఆ గోలలో కాగితం మీద నాలుగు వరుసలు చదివి ‘ఆమోదం’ అంటారు. లీజు పొడిగింపో, అంచనాల పెంపో అందులో ఉందని కార్పొరేటర్‌కి మినిట్స్ కాపీ వచ్చాక తెలుస్తుంది. ఆపగలిగింది సభాధ్యక్షుడైన మేయర్ ఒక్కడే: ‘ఇది అత్యవసరం కాదు, వచ్చే సమావేశానికి రండి’ అని పక్కన పెట్టడం. ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్లూ టేబుల్ ఎజెండా వద్దని అందరూ అంటారు. కుర్చీ ఎక్కాక ఎన్ని అంశాలు వెనక్కి పంపారో లెక్కపెడితే మేయర్ సత్తా తెలిసిపోతుంది.

ఆ కుర్చీకి తగిన మనిషి ఎవరంటే, ఎజెండా పుస్తకం ముందురోజు రాత్రే చదివే అలవాటున్నవాడు. గాజువాక, భీమిలి, అనకాపల్లి, పెందుర్తి కలిసిపోయిన ఊరిది, కాబట్టి సొంత నియోజకవర్గం దాటి నాలుగు దిక్కులా తిరిగినవాడు. అసెంబ్లీ సీటు మీద కన్నున్నవాడు మాత్రం వద్దు. వాడికి ప్రతి అంశంలోనూ ఒకే నియోజకవర్గం కనిపిస్తుంది.

ఒక పెద్ద లోపం కొత్త మేయర్ తప్పు కాదు. 2021 కౌన్సిల్ గడువు 2026 మార్చి వరకే. 2025 ఏప్రిల్ చివర్లో కుర్చీ ఎక్కిన మనిషికి మిగిలింది పదకొండు నెలలు కూడా లేదు. అంత శ్రమపడి మార్చింది ఆ కాస్త కాలానికా అని అడగడం న్యాయమే. అయినా ఖాళీగా వదిలేయడం కంటే మేలు. ఈ ఊరు 2012 నుంచి 2021 దాకా తొమ్మిదేళ్లు ఎన్నికైన కౌన్సిలే లేకుండా స్పెషల్ ఆఫీసర్ల పాలనలో నడిచింది. కాలువ పూడిక మీద అడుగుదామంటే వార్డుకి కార్పొరేటరే లేడు.

ఈసారి ఓటు అడగడానికి వచ్చేవాళ్లను ఒక్కటి అడగండి. మేయర్ పదవి రిజర్వేషన్ వార్డు నామినేషన్లకు ముందే ఖరారవుతుంది, కాబట్టి ఆ కేటగిరీలో మీ పార్టీ మేయర్ అభ్యర్థి ఎవరు, ఏ వార్డు నుంచి పోటీ చేస్తున్నారు అని. 2021లో ఫలితాలు మార్చి 14న వచ్చాయి, మేయర్ ఎన్నిక 18న జరిగింది. మధ్యలో ఆ నాలుగు రోజులూ పేర్ల మీద పందేలు కాసుకోవడమే మిగిలింది.