అరకులో గది బాగున్నా బుకింగులు ఎందుకు రావంటే

డిసెంబరు శని, ఆదివారాల్లో అరకులో గది దొరకడమే గగనం. ఆ రెండు రోజులూ హోమ్‌స్టే నిండిందని ఓనరు మురిసిపోనక్కర్లేదు, అప్పుడు ఎవరికైనా నిండుతుంది. జూలైలో మంగళవారం నాడు నిండుతోందా అన్నదే లెక్క. అరకు, అనంతగిరి, లంబసింగి బసల్ని పక్కపక్కన పెట్టి చూడండి. వచ్చేవాళ్లు ఫోన్ చేసి అడిగేవన్నీ లిస్టింగులోనే, అంటే ఎయిర్‌బీఎన్‌బీ లాంటి బుకింగ్ సైట్లలో మీ ఇంటి పేజీలోనే, ఉంటే సగం పని అయిపోయినట్టే.

అరకు ఊళ్లో దిగేవాళ్లలో చాలామంది కిరండూల్ రైల్లో వస్తారు. అది ఉదయం ఏడు లోపే విశాఖలో బయలుదేరి పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. చెక్-ఇన్ చూస్తే మధ్యాహ్నం పన్నెండుకో ఒంటిగంటకో. పిల్లలు, పెట్టెలతో ఆ రెండు గంటలు ఎక్కడుండాలి? "ముందే వచ్చినా సామాను పెట్టుకోవచ్చు, బయటి బాత్రూం వాడుకోవచ్చు, స్టేషన్‌కి ఆటో పంపిస్తాం" అని రాస్తే చాలు. "ప్రకృతి ఒడిలో ప్రశాంతమైన బస" అని నలభై ఇళ్లు రాసుకుంటాయి, అది చదివి ఎవరూ డబ్బు కట్టరు.

చలికాలంలో వచ్చే చెడ్డ రివ్యూల్లో వేడినీళ్ల గొడవ తప్పకుండా ఉంటుంది. కరెంటు పోతే ఇన్వర్టరు లైట్లూ ఫ్యాన్లూ నడుపుతుంది గానీ గీజరును నడపలేదు. సరిగ్గా ఉదయం ఆరుకి నలుగురూ స్నానానికి లేచేసరికి నీళ్లు చల్లగా ఉంటాయి. పదిహేను లీటర్ల గీజరు ఇద్దరికి సరిపోతే గొప్ప. కట్టెల బాయిలరు ఉంటే దాని ఫొటో పెట్టండి, "బకెట్ వేడినీళ్లు ఎప్పుడడిగినా ఇస్తాం" అని రాయండి. గ్యాస్ గీజరు పెట్టేవాళ్లు దాన్ని బాత్రూం లోపల బిగించొద్దు, గాలాడని గదిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

అనంతగిరి సంగతి వేరు. ఇక్కడికి సొంత బండి ఉన్నవాళ్లే ఎక్కువ వస్తారు. కాఫీ తోటల మధ్య ఇల్లు అందంగానే ఉంటుంది, కానీ చీకటి పడ్డాక దగ్గర్లో తిండి దొరకదు. కాబట్టి భోజనంతో కలిపి ధర చెప్పే ఇల్లే మేలు. మనిషికి ఎంత, ఏమేం పెడతారు, బొంగులో చికెన్ కావాలంటే ఎన్ని గంటలకు ముందు చెప్పాలి, ఇవన్నీ రాయాలి. వానాకాలంలో రేటు సగానికి కోసేయడం ఇక్కడ తప్పు మందు. కటికి జలపాతం నిండుగా ఉండే రోజులవి. జీపు, భోజనం కలిపి రెండు రాత్రుల ప్యాకేజీ పెడితే రేటు నిలబడుతుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు కావాలంటే ఏ సిమ్‌కి ఏ గదిలో సిగ్నల్ వస్తుందో రాయండి, స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పెట్టండి.

లంబసింగి, వంజంగి వైపు బసలు పేరులో "అరకు" తగిలించుకోవడం ఒక జాడ్యం. అరకు నుంచి లంబసింగికి ఘాట్ దారిలో దాదాపు మూడు గంటలు. నమ్మి వచ్చినవాడు దారిలోనే రివ్యూ రాసేసుకుంటాడు. మంచు కోసం వచ్చినవాళ్లు తెల్లవారకముందే బయటికి వెళ్తారు, అందుకని తొమ్మిదికి టిఫిన్, పదకొండుకి చెక్-అవుట్ ఉంటే బాగుంటుంది. టెంటు అయితే టెంటు అనే చెప్పాలి. ఎన్ని రగ్గులు ఇస్తారు, బాత్రూం ఎంత దూరం అన్నది కూడా.

ఫొటోలు అడ్డంగా, ఉదయం ఎండలో తీయాలి. ఎయిర్‌బీఎన్‌బీ వెబ్‌లో మొదట కనిపించేవి ఐదే. వాటిలో బయటి దృశ్యం ఒకటి చాలు. మంచం, బాత్రూం, తినే చోటు, ఇంటిదాకా వచ్చే చివరి మట్టిరోడ్డు మిగతావి. ఆ రోడ్డు ఫొటో దాచిపెట్టిన ఇంటికి చిన్న కారు వచ్చి ఇరుక్కుంటే మెకానిక్ ఖర్చు గురించి కూడా వాదన మొదలవుతుంది. కొత్త లిస్టింగుకు మొదటి మూడు బుకింగులపై 20 శాతం తగ్గింపు అవకాశం ఉంటుంది. దాన్ని సీజన్‌లో వృథా చేయకుండా సెప్టెంబరులో తెరిస్తే డిసెంబరుకల్లా రివ్యూలు చేతిలో ఉంటాయి. రివ్యూ రాయడానికి గడువు 14 రోజులు. అతిథి వెళ్లిన సాయంత్రమే మీరు రాసేయండి, వాళ్లకీ గుర్తొస్తుంది.

రెండు మూడు సైట్లలో పెట్టినవాళ్లు క్యాలెండర్లు కలుపుకున్నామని ధీమాగా ఉంటారు. ఒక సైటులో పడిన బుకింగ్ రెండోదాని క్యాలెండర్‌లో వెంటనే కనిపించదు, కొన్నిసార్లు గంటలు పడుతుంది. ఈలోపు రెండో బుకింగ్ పడితే రద్దు చేసేది మీరే, జరిమానా కట్టేదీ మీరే. సంక్రాంతి వారంలో ఒక్క సైటులోనే తెరిచి ఉంచడం నయం. వారాంతానికి కనీసం రెండు రాత్రులని పెట్టిన వాళ్లకు శనివారం ఒక్కటే మిగిలిపోతుంటుంది. నాలుగు రోజుల ముందు ఆ నిబంధన తీసేయాలి.

దసరాకి బెంగాలీ కుటుంబాలు బాగా వస్తాయి. వివరాలు తెలుగు, ఇంగ్లీషుతోపాటు బెంగాలీలోనూ రాయించి, మెనూలో చేపల కూర చేర్చిన ఇళ్లకు ఆ వారంలో మామూలు రోజులు కూడా నిండే వీలుంది.