పెద్ద అక్షరాల కొత్త నిబంధన, కీర్తనల గ్రంథంతో

రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నేను కీమోథెరపీ తీసుకుంటున్నప్పుడు మా వదిన సికింద్రాబాద్‌లోని ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో ఇది కొని తెచ్చింది. పూర్తి బైబిలు కంటే చాలా తేలిక. సెలైన్ ఎక్కుతున్న చేతిని కదపకుండా రెండో చేత్తో పట్టుకోవచ్చు. అక్షరాలు నల్లగా, వరుసల మధ్య చక్కటి ఖాళీతో ఉన్నాయి. కళ్లు మసకబారిన రోజుల్లోనూ చదవగలిగాను. కాగితమే మరీ పలచన. వేళ్లు తిమ్మిరెక్కిన రోగికి పేజీ తిప్పడం కష్టం, కాబట్టి గుర్తుకు రిబ్బను ఉన్న ప్రతిని అడిగి తీసుకోండి.

నేను ఎక్కువగా చదివినవి 88, 103 కీర్తనలు. 88వది చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు అతికించదు. వాంతులతో నిద్ర పట్టని రాత్రుల్లో అదే నా ప్రార్థన. 103వ కీర్తనలో భక్తుడు దేవుడు చేసిన మేళ్లలో దేన్నీ మరువవద్దని తన ప్రాణానికే చెప్పుకుంటాడు. నేనూ అలా చెప్పుకోవడం మొదలుపెట్టాను: నొప్పి తెలియకుండా సూది గుచ్చిన నర్సమ్మ, నోటిపూత తగ్గాక రుచి తెలిసిన పెరుగన్నం, పక్క మంచం మీది ముస్లిం పెద్దావిడ నా కోసం చేసిన దువా. వ్యాధి ఇంకా నాలో ఉంది. అయినా యేసు ప్రభువుకు కృతజ్ఞత చెప్పకుండా నిద్రపోను.

ఆసుపత్రిలో ఉన్న విశ్వాసులను చూడటానికి వెళ్తే పళ్లతో పాటు ఇదీ ఇవ్వండి.