బండి టైరు కొంటున్నారా? ట్రెడ్డు (పైనుండే గాడుల మందం) తర్వాత, ముందు తయారీ తేదీ చెప్పే నాలుగంకెలు చూడండి

నిన్న నరసరావుపేటలో వెనక టైరు కొందామని ఒక షాపుకెళ్తే, కుర్రాడు లోపల్నించి టైరు దొర్లించుకొచ్చి అంకెలున్న వైపు గోడకి ఆనించాడు. కావాలని పెట్టాడో, అలా కుదిరిందో నాకు తెలియదు. నాకు మాత్రం మూడేళ్ళ కిందటి సంగతంతా ఒక్కసారి గుర్తొచ్చింది. ఇంకొకరు నాలా పడకూడదని ఇది రాస్తున్నా.

నాది 2019 పల్సర్ 150. పురుగుమందుల కంపెనీలో ఫీల్డు పని. పిడుగురాళ్ళ, దాచేపల్లి, గురజాల, రెంటచింతల దాకా మిర్చి రైతుల చుట్టూ, పత్తి రైతుల చుట్టూ తిరగాలి. నెలకి వెయ్యి కిలోమీటర్లకి తగ్గదు. 2022 జూన్‌లో రెండు టైర్లూ మార్పించాను. ముందుది 80/100-17, వెనకది 100/90-17, రెండూ ట్యూబ్‌లెస్. ఒకటే కంపెనీ, ఒకటే షాపు, ఒకటే రోజు. పేర్లు రాయను. కంపెనీని అనడానికి పెద్దగా ఏమీ లేదు కూడా, ఎందుకో కింద మీకే తెలుస్తుంది.

రెండు టైర్లూ నిగనిగలాడుతున్నాయి, రబ్బరు వెంట్రుకలు కూడా అలాగే ఉన్నాయి. ఇంకేం చూడాలి అనుకున్నా. ఆ వెంట్రుకలు బండికెక్కి రోడ్డు మీద తిరిగితేనే ఊడేది. కొట్లో వేలాడదీస్తే ఐదేళ్ళైనా ఎక్కడికీ పోవు. నిగనిగ అంటారా, అది పాలిష్. "బిల్లు కావాలంటే జీఎస్టీ వేరే పడుద్దన్నా" అన్నాడు షాపతను. అప్పట్లో టైర్ల మీద 28 శాతం. ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుందన్న ఇంగితం ఆ పూట నాకు లేకపోయింది. తెల్ల చీటీ మీద రాసిచ్చిన లెక్క జేబులో పెట్టుకుని వచ్చేశా.

మొదట్లో బాగానే ఉంది. నాలుగైదు వేలు తిరిగాక తడి రోడ్డు మీద బ్రేకు పడితే వెనక కాస్త జారుతున్నట్టు అనిపించేది. గాలి ఎక్కువైందేమో అని చూసుకునేవాణ్ణి. ముందు 25, వెనక ఒక్కడినైతే 28, ఎవరైనా ఎక్కితే 32, ఎప్పుడూ తప్పలేదు. 11 వేల దగ్గర, 2023 వేసవిలో బండి కడుగుతుంటే వెనక టైరు గాడుల్లో సన్నగా గీతలు కనబడ్డాయి. ఎండిన చెరువు నేల ఎలా ఉంటుందో అలా, కాకపోతే వెంట్రుకంత సన్నం. రెంటచింతల ఎండ సంగతి మన పల్నాడు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ఎండకేలే అని వదిలేశా.

జూన్‌లో నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర మేకు దిగింది. పంక్చర్ షాపాయన చిల్లు మూసే రబ్బరు స్ట్రిప్ పెడదామని చూస్తే సూది ఓ పట్టాన దిగదు. ఎలాగో దింపి సబ్బు నీళ్ళు కొడితే పక్కనుంచి బుడగలు. రెండో స్ట్రిప్ కూడా పెట్టాడు. తర్వాత బొటనవేలి గోరు పెట్టి రబ్బరు నొక్కి చూపించాడు, గోటి ముద్ర పడలేదు. ముందు టైరు నొక్కాడు, పడింది. గొలుసు వైపు వంగి మట్టి తుడిచి, చిన్న గడిలో ఉన్న అంకెలు చదివాడు: 3417. "2017లో 34వ వారం సార్. మీరెప్పుడు వేయించారు?" ముందు టైరు మీద 1121 ఉంది.

అంటే నేను 'కొత్త' అని ఎక్కించుకున్న వెనక టైరుకి అప్పటికే ఐదేళ్ళు నిండబోతున్నాయి. ముందుదానికి ఏడాది దాటింది, అంతే. వెనక చక్రానికి బరువూ వేడీ ఎక్కువే, కాదనను. కానీ అదే కంపెనీది, అదే రోడ్ల మీద తిరిగిన ముందు టైరుకి ఒక్క గీత కూడా లేదు.

వాడకుండా పెట్టినా రబ్బరు ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, పైనుంచి ఎండ వేడి దాన్ని గట్టిపరుస్తాయి. ఇలా అవకుండా తయారీలోనే మైనం లాంటిది కలుపుతారు. టైరు దొర్లుతూ నలుగుతుంటే ఆ మైనం పైకొచ్చి పొరలా కాపాడుతుంది. కొట్టు ముందు ఎండలో కొక్కేనికి వేలాడే టైరుకి ఆ నలుగుడు ఎక్కడిది?

షాపుకెళ్ళి అడిగితే "బిల్లేది?" అన్నాడు. బిల్లుంటే 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఉండేవాణ్ణి. తెల్ల చీటీ మీద షాపు పేరు కూడా లేదు. "అయినా ట్రెడ్డు సగం పైనే ఉందిగా, ఇంకో పదివేలు తిరుగుద్ది" అని ధైర్యం చెప్పాడు. నేనూ అదే అనుకున్నా. గట్టి రబ్బరు అరగదు, అరగకపోతే లాభమే అనిపిస్తుంది. కానీ అరగని రబ్బరు రోడ్డుని పట్టుకోదు. అది తెలిసి కూడా రెండు వేల రూపాయలకి వెనకాడి ఇంకో మూడు నెలలు అదే టైరు మీద తిరిగా. ఈ తప్పు నాది, షాపతనిది కాదు.

సెప్టెంబరులో పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీల దుమ్ము మీద సన్నటి తుంపర పడింది. ఆ రోడ్డు ఎలా అవుతుందో అటు తిరిగేవాళ్ళకి తెలుసు, సున్నం పిసికి పూసినట్టే. ముందు బస్సు ఆగింది. రెండు బ్రేకులూ వేశా. ముందు చక్రానికి ఏబీఎస్ (బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉంది, పట్టుకుంది. వెనక డ్రమ్ము బిగుసుకుని చక్రం పక్కకి తిరిగిపోయింది. మోకాలు, మోచెయ్యి గీరుకుపోయాయి, ఫుట్‌రెస్ట్ వంగింది, సంచిలో శాంపిల్ సీసాలు పగిలి రోడ్డంతా మందు కంపు. వెనక లారీ లేకపోబట్టి ఇవాళ ఇది రాస్తున్నా. బండి లేపాక చూసుకుంటే, నిజంగానే ట్రెడ్డు సగం పైనే ఉంది.

ఆ వారమే మార్చి, అంకెలు చూసి ఏడాది లోపుది వేయించా. అది 26 వేలు తిరిగి ఇప్పుడు అరుగుదల గుర్తు దాకా వచ్చింది. అరిగింది గానీ ఎక్కడా పగల్లేదు, వానల్లో ఒక్కసారి కూడా జారలేదు.

టైరు కొనేటప్పుడు దాని పక్క గోడ మీద చూస్తే చిన్న గడిలో, కొన్నిటికి డీఓటీ (DOT) అన్న అక్షరాల వరస చివర్లో, నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. చాలా టైర్లకి ఒక వైపే ఉంటాయి, కాబట్టి రెండు వైపులా తిప్పించి చూడండి, అదీ రిమ్ముకి ఎక్కించక ముందే. ఎక్కించాక వాపసు తీసుకోరు. నా మటుకు ఏడాది లోపుదైతే తీసుకుంటా. రెండేళ్ళు దాటితే ఎంత తగ్గించినా వద్దంటా. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద పన్ను 18 శాతానికి దిగింది, ఇంకా 'బిల్లు లేకుండా తగ్గిస్తా' అనేవాడి మాట నమ్మొద్దు.

నిన్నటి సంగతికొస్తే, ఆ గోడకి ఆనించిన టైరు తిప్పి చూశా. 0622. "వాడనిదేగా అన్నా, రెండొందలు తగ్గిస్తా" అన్నాడు. వద్దని ఇంకో రెండు షాపులు తిరిగి 3325 ఉన్నది దొరికితే వేయించుకున్నా, బిల్లు మీద అంకెలు కూడా రాయించా. తిరిగొస్తుంటే మొదటి షాపు ముందు అదే 0622 టైరు ఇంకెవరిదో పల్సర్‌కి ఎక్కిస్తున్నారు. బండాయన పక్కన టీ తాగుతున్నాడు. ఆగి, పెద్దాయన కదా అని మెల్లగా చెప్పా. ఆయన టైరు మీద చెయ్యి వేసి తడిమి చూసి, "ట్రెడ్డు బాగానే ఉంది కదయ్యా" అన్నాడు.