ఫైఫ్ డాగ్, 'బటర్': ఏళ్ల తరబడి విన్నాక నా మాట

అమెరికన్ హిప్‌హాప్ బృందం ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ పేరెత్తితే చాలు, అందరూ అందులోని ర్యాపర్ క్యూ-టిప్‌నే మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలుకు ఆయన అర్హుడే. కానీ ఇన్నేళ్లుగా వింటున్న నాకు, ఆ బృందంలో రావలసినంత పేరు రాని రచయిత ఫైఫ్ డాగ్ అనిపిస్తుంది. అసలు పేరు మాలిక్ టేలర్, న్యూయార్క్‌లోని క్వీన్స్ కుర్రాడు. తల్లి షెరిల్ బాయ్స్-టేలర్ ట్రినిడాడ్ నుంచి వచ్చిన కవయిత్రి. ఆయన ర్యాప్‌లో అక్కడక్కడా తొంగిచూసే కరీబియన్ యాస ఇంట్లో అబ్బినదే.

1990లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో ఆయన గొంతు వినిపించేది తక్కువ. మరుసటి ఏడాది 'ద లో ఎండ్ థియరీ'లో లెక్క మారిపోయింది. అందులో నాలుగో పాట 'బటర్'. చరణాలన్నీ ఫైఫ్‌వే. నాకు మాత్రం ఆయన ప్రతిభకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

కథ చాలా మామూలుది. 1988, హైస్కూల్ చివరి ఏడాది. తనంత మొనగాడు లేడనుకునే కుర్రాడు తన చుట్టూ తిరిగిన అమ్మాయిల పేర్లు గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు. తీరా ఫ్లో అనే అమ్మాయి దగ్గర ఆటలు సాగవు. ఆ పేర్ల వరస దగ్గర నేను ఇప్పటికీ వెనక్కి తిప్పి వింటాను. అవి ఉత్త పేర్లే. కానీ వాటిలోనే ప్రాస కుదురుతుంది, ఒక్కో పేరూ డ్రమ్ దెబ్బ మీద సరిగ్గా పడుతుంది, వింటుంటే ఆ కుర్రాడి పొగరు కళ్లకు కడుతుంది. కష్టమైన మాట ఒక్కటీ ఉండదు. వీధి అరుగు మీద కూర్చుని స్నేహితుడు సంగతులు చెబుతున్నట్టే ఉంటుంది. అంత తేలిగ్గా వినిపించేలా రాయడం ఎంత కష్టమో రాసేవాళ్లకే తెలుస్తుంది. ఆయనకు తగిన గుర్తింపు రాకపోవడానికి ఈ తేలికే కారణమని నా నమ్మకం.

సంగీతం సంగతికొస్తే, జాజ్ బృందం వెదర్ రిపోర్ట్ 'యంగ్ అండ్ ఫైన్' నుంచి ఒక ముక్క, శాక్సోఫోన్ వాద్యకారుడు గ్యారీ బార్ట్జ్ 'జెంటిల్ స్మైల్స్' నుంచి మరో ముక్క తీసుకుని కట్టారు. ఆ జాజ్ మెత్తదనం మీద ఫైఫ్ గరుకు గొంతు పడితే భలే పసందుగా ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, బేస్ మొత్తం మాయమైపోతుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

లోపం లేదా అంటే ఉంది. తర్వాతి భాగంలో సవరం పెట్టుకున్నారనీ, కళ్లకు రంగు లెన్సులు పెట్టుకున్నారనీ అమ్మాయిలను దెప్పుతాడు. అది నాకు ఎన్నిసార్లు విన్నా రుచించలేదు. మొదటి చరణంలో తనను తానే ఆట పట్టించుకున్న మనిషి, ఇక్కడ తీర్పులు చెప్పే పెద్దమనిషైపోయాడు.

ఫైఫ్‌ను చాలా ఏళ్లు మధుమేహం వేధించింది. 2008లో భార్య కిడ్నీ ఇచ్చింది. ఆ జబ్బు వల్లే 2016 మార్చిలో, 45 ఏళ్లకే పోయాడు. బృందం చివరి ఆల్బమ్ అదే ఏడాది నవంబర్‌లో వచ్చింది. అందులోనూ ఆయన గొంతులో పదును తగ్గలేదు.

కొత్తగా వినేవాళ్లు 'ద లో ఎండ్ థియరీ'లోని 'బగ్గిన్ ఔట్'తో మొదలుపెట్టి 'బటర్'కు రండి. అక్కడితో ఆపొద్దు. వెంటనే వచ్చే పాటలో డబుల్ బేస్ వాయించింది సాక్షాత్తూ జాజ్ దిగ్గజం రాన్ కార్టర్.