మాను రోడ్డు పక్షుల యాత్ర: డ్రైవరుకు పూర్తి మార్కులు, పడవకు సగం

పెరూలో ఆండీస్ కొండల నుంచి అమెజాన్ అడవిలోకి దిగే మాను రోడ్డు మీద పక్షులు చూపించే ఒక చిన్న సంస్థతో వెళ్లొచ్చాం. పక్షుల సంగతి తక్కువే రాస్తాను. మాను నేషనల్ పార్కులో వెయ్యికి పైగా జాతులున్నాయని అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లకు ఎలాగూ తెలుసు.

యాత్ర మొదలయ్యే కుస్కో ఊరే 3,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దిగీ దిగగానే మమ్మల్ని బండెక్కించలేదు. ఆ ఎత్తుకు వచ్చిన తలనొప్పులు అందరికీ తగ్గేదాకా అక్కడే ఆపారు. అది నాకు నచ్చింది. అఖనాకో కనుమ దాటాక మబ్బుల అడవిలోకి ఒకటే దిగుడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో సన్నటి మట్టి రోడ్డు. ఎదురుగా లారీ వస్తే ఎవరో ఒకరు రివర్సులో పోవాల్సిందే. మా డ్రైవరు చీకటి పడ్డాక బండి తియ్యడు. గుడ్లగూబల కోసం మాలో ఒకాయన ఎంత బతిమాలినా, "వాన పడింది, చరియలు జారతాయి, లాడ్జి చుట్టూ నడిచి వెతుక్కోండి సార్" అని తాళాలు జేబులో వేసుకున్నాడు. పాములకు భయపడేవాళ్లు ముందు ఈ రోడ్డుకు భయపడాలి! డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు ఎక్కువ, ఆ నెలల్లో వద్దు.

ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలని సంస్థవాళ్లే ముందుగా మెయిల్ పెట్టారు. అయితే ఇసుక ఈగల గురించి ఒక్క ముక్క లేదు. అవి కుడితే లీష్మేనియాసిస్ అనే, చర్మం మీద పుండ్లు పడే జబ్బు రావచ్చు, దానికి టీకా లేదు. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా ఎక్కువగా కుడతాయి. కాక్ ఆఫ్ ది రాక్ అనే పక్షుల్లో మగవి ఆడవాటి కోసం ఆడే ఆటలు చూడాలంటే సరిగ్గా ఆ చీకట్లోనే మాటులో కూర్చోవాలి మరి. నిండు చేతుల చొక్కా, డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు తప్పనిసరి. మందు పూసుకున్న చేత్తో బైనాక్యులర్స్ ముట్టుకోకండి, డీట్ ప్లాస్టిక్కునూ రబ్బరునూ పాడుచేస్తుంది.

రోడ్డు దిగాక, నది ఒడ్డునున్న అటలాయా రేవు నుంచి పడవ. లైఫ్ జాకెట్లు సామాన్ల అడుగున ఉన్నాయి, నాకిచ్చినదాని బకిల్ విరిగిపోయింది. ఫోన్ సిగ్నల్ లేని నది మీద శాటిలైట్ ఫోన్ ఉందా అని అడిగితే, లాడ్జిలో రేడియో ఉందన్నారు. లాడ్జి చేరకముందే ఏదైనా అయితే? గైడ్ నవ్వి ఊరుకున్నాడు. డబ్బు కట్టకముందే లైఫ్ జాకెట్లు, శాటిలైట్ ఫోన్ ఈ రెండింటి గురించీ మెయిల్లో జవాబు రాయించుకోండి.