ఇంట్లో కట్టిన సీఎన్‌సీ రూటర్‌కు లిమిట్ స్విచ్‌లు, వైరింగ్: చాలాకాలం వాడిన తర్వాత సమీక్ష

లిమిట్ స్విచ్ అంటే యాక్సిస్ తన హద్దుకు చేరిందని మెషీన్‌కు చెప్పే స్విచ్. ముందు మెషీన్ వివరాలు. ఆర్డుయినో ఊనో బోర్డు మీద జీఆర్‌బీఎల్ 1.1 (మెషీన్‌ను నడిపే ఫర్మ్‌వేర్), నాలుగు డీఎం542 డ్రైవర్లు (వై యాక్సిస్‌కు రెండు), నెమా 23 మోటార్లు, వాటికి 36 వోల్టుల సప్లై, 2.2 కిలోవాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ (టూల్‌ను తిప్పే మోటారు), దానికో వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని మార్చే డ్రైవ్). పని ఎక్కువగా ఎండీఎఫ్, చెక్క మీద, అప్పుడప్పుడు అల్యూమినియం మీద. రోలర్ లివర్ ఉన్న మైక్రోస్విచ్‌లు, ఎల్‌జే12ఏ3 రకం ఇండక్టివ్ సెన్సర్లు (లోహాన్ని తాకకుండానే గుర్తించేవి) రెండూ ఈ మెషీన్ మీదే వాడాను. ఏ రకం మంచిదని అందరూ అడుగుతారు కానీ, అంతకన్నా ముందు చూడాల్సింది ఆ వైర్లలో ఎన్ని వోల్టులు ఉన్నాయి, ఎంత కరెంటు పారుతోంది అన్నది. తప్పుడు అలారాల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

స్విచ్‌ను నేరుగా ఆర్డుయినో పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య కలిపితే లైన్‌ను 5 వోల్టుల దగ్గర నిలబెట్టేది చిప్ లోపలి పుల్-అప్ రెసిస్టర్ ఒక్కటే. దాని విలువ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు. అంటే లూప్‌లో 0.1 నుంచి 0.25 మిల్లీ ఆంపియర్లకు మించి పారదు. స్విచ్‌ను నార్మల్లీ ఓపెన్‌గా (నొక్కినప్పుడే సర్క్యూట్ కలిసేలా) కలిపితే పని జరుగుతున్నంతసేపూ ఆ లైన్ ఇంత బలహీనమైన ఆధారం మీదే ఉంటుంది. పక్కనే వీఎఫ్‌డీ కేబుల్ ఉంటే ఆ నాయిస్ మొత్తం ఇందులోకి ఎక్కి, ఏ స్విచ్చూ నొక్కకుండానే అలారం 1 (హార్డ్ లిమిట్ తగిలిందనే అలారం) వస్తుంది. నార్మల్లీ క్లోజ్డ్‌గా (నొక్కినప్పుడు సర్క్యూట్ విడిపోయేలా) కలిపితే లైన్ గ్రౌండ్‌కు గట్టిగా కట్టి ఉంటుంది, నాయిస్ బాగా తగ్గుతుంది. పైగా వైరు తెగితే వెంటనే తెలుస్తుంది. నార్మల్లీ ఓపెన్‌లో వైరు తెగినా మెషీన్‌కు ఆ సంగతి తెలియదు, గ్యాంట్రీ (స్పిండిల్‌ను మోసే వంతెన) వెళ్లి చివర గుద్దుకున్నాకే మనకు తెలుస్తుంది.

మైక్రోస్విచ్‌లో ఇంకో చిక్కు ఉంది. 15 ఆంపియర్ల రేటింగ్ ఉన్న పెద్ద స్విచ్‌లలో వెండి కాంటాక్టులు ఉంటాయి. వాటి మీద ఏర్పడే పలచటి పొర పోవాలంటే తగినంత వోల్టేజీ, కరెంటు పారాలి. 5 వోల్టుల మీద పావు మిల్లీ ఆంపియర్ ఏ మూలకూ చాలదు. కొత్తలో బాగానే ఉండి, నెలలు గడిచాక ఆగి ఆగి తప్పుడు సిగ్నల్ ఇచ్చే స్విచ్‌లలో చాలావాటి జబ్బు ఇదే. తక్కువ కరెంటు కోసం బంగారు పూత కాంటాక్టులతో చేసినవి దొరుకుతాయి. మైక్రోస్విచ్ కొంటే అవే కొనండి.

నాయిస్‌నూ, ఈ కాంటాక్టుల చిక్కునూ తగ్గించే మార్గం ఒకటే: లూప్‌ను 24 వోల్టులకు మార్చి, పీసీ817 ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుతురుతో దాటించి రెండు సర్క్యూట్లను విడిగా ఉంచే చిప్) ద్వారా ఆర్డుయినోకు ఇవ్వడం. కలపడం ఇలా. 24 వోల్టుల ప్లస్ నుంచి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అక్కణ్ణుంచి పీసీ817 ఒకటో కాలు. రెండో కాలు నుంచి సెన్సర్ నల్ల వైరుకు. మైక్రోస్విచ్ అయితే రెండో కాలు నుంచి ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్) టెర్మినల్, కామన్ నుంచి 24 వోల్టుల మైనస్. లూప్‌లో దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు పారతాయి, పావు వాట్ రెసిస్టర్ సరిపోతుంది. అవతలి వైపు నాలుగో కాలు ఆర్డుయినో పిన్‌కు, మూడోది ఆర్డుయినో గ్రౌండ్‌కు. పిన్‌కూ 5 వోల్టులకూ మధ్య ఇంకో 4.7 కిలో ఓమ్‌లు, పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. దీనివల్ల వచ్చే ఆలస్యం అర మిల్లీసెకను లోపే. నిమిషానికి 500 మిల్లీమీటర్ల వేగంలో కూడా అది 0.004 మిల్లీమీటర్లు, హోమింగ్ (మెషీన్ తన మొదటి స్థానాన్ని స్విచ్‌తో వెతుక్కోవడం) కచ్చితత్వానికి లెక్కలోకి రాదు. 24 వోల్టుల మైనస్‌ను ఆర్డుయినో గ్రౌండ్‌తో ఎక్కడా కలపకండి. కలిపితే ఆప్టో పెట్టిన ప్రయోజనమే పోతుంది.

ఇండక్టివ్ సెన్సర్ కొనేటప్పుడు చివరి అక్షరాలు చూడాలి. జెడ్/బీఎక్స్ అంటే ఎన్‌పీఎన్ (సిగ్నల్ వైరును మైనస్‌కు కలిపే రకం) నార్మల్లీ ఓపెన్, జెడ్/ఏఎక్స్ అంటే ఎన్‌పీఎన్ నార్మల్లీ క్లోజ్డ్. మనకు కావలసింది ఏఎక్స్. గోధుమ రంగు ప్లస్, నీలం మైనస్, నలుపు సిగ్నల్. కొన్నింటి లోపల నల్ల వైరును ప్లస్ వైపు లాగే రెసిస్టర్ ఉంటుంది. అలాంటి దాన్ని 24 వోల్టుల మీద నడిపిస్తూ నేరుగా పిన్‌కు కలిపితే చిప్ పాడయ్యే ప్రమాదం ఉంది. 4 మిల్లీమీటర్ల దూరం అని రాసి ఉండేది ఇనుముకు. అల్యూమినియానికి అందులో సగం కూడా రాదు, కాబట్టి ఎదురుగా స్టీల్ బోల్టు తల పెట్టండి. అది సెన్సర్ ముఖానికి ఎదురుగా వచ్చి ఆగేలా కాక, పక్కగా దాటిపోయేలా అమర్చండి. ఎప్పుడైనా హద్దు దాటినా సెన్సర్ పగలదు.

దుమ్ము విషయంలో ఇండక్టివే మేలు. ఎండీఎఫ్ పొడి ముఖం మీద పేరుకున్నా దానికి పట్టదు, మైక్రోస్విచ్‌లోనేమో ఆ పొడి బటన్ పక్క సందులోంచి లోపలికి దిగి పట్టేస్తుంది. అల్యూమినియం కోసేటప్పుడు మాత్రం చిప్స్ సెన్సర్ మీద పడకుండా చిన్న కవచం ఉండాలి. నా సిఫారసు: ఎక్స్, వైలకు ఏఎక్స్ సెన్సర్లు, దుమ్ము తక్కువ చేరే జెడ్ పైభాగాన బంగారు కాంటాక్టుల మైక్రోస్విచ్.

జీఆర్‌బీఎల్‌లో $5=1 పెట్టాలి. అది అన్ని లిమిట్ సిగ్నళ్ల అర్థాన్నీ ఒకేసారి తిరగేస్తుంది, అందుకే ఒక యాక్సిస్‌కు ఓపెన్, ఇంకోదానికి క్లోజ్డ్ కలపడం కుదరదు. ఎక్స్ లిమిట్ డీ9, వై డీ10. స్పిండిల్ వేగం నియంత్రణ ఆన్‌లో ఉంటే జెడ్ డీ12కు మారుతుంది. పాత సీఎన్‌సీ షీల్డ్ మీద జెడ్ లిమిట్ అని అచ్చయి ఉన్నది డీ11, దాన్ని నమ్మితే, $5=1 ఉన్నప్పుడు ఖాళీగా ఉన్న డీ12 ఎప్పుడూ నొక్కినట్టే కనిపించి, జెడ్ హోమింగ్ అలారం 8తో ఆగిపోతుంది. తప్పుడు అలారాలు వస్తున్నాయని $26 (స్విచ్ సిగ్నల్ కుదురుకునేదాకా ఆగే సమయం) పెంచేవాళ్లు చాలామంది. ఆ విలువ హోమింగ్‌కే వర్తిస్తుంది, హార్డ్ లిమిట్ మీద దాని ప్రభావం సున్నా. ఒక్కో యాక్సిస్‌కు హోమ్ వైపు ఒక్క సెన్సర్ పెట్టి, రెండో చివరకు $20=1తో సాఫ్ట్ లిమిట్ (స్విచ్ లేకుండా లెక్కతోనే పెట్టే హద్దు) వాడితే చాలు. వై రెండు వైపులనూ విడివిడిగా హోమ్ చేసి గ్యాంట్రీని చదరం చేసుకోవాలంటే మామూలుగా ఎక్కించే జీఆర్‌బీఎల్ చాలదు. దానికి ఫ్లూయిడ్‌ఎన్‌సీ గానీ జీఆర్‌బీఎల్ హెచ్‌ఏఎల్ గానీ (ఇలాంటివే వేరే ఫర్మ్‌వేర్లు) వాడితే సులువు.

వైరింగ్‌లో రాజీ పడకూడనివి కొన్ని. స్పిండిల్ కేబుల్ షీల్డ్ ఉన్న నాలుగు కోర్‌లది కావాలి. నాలుగో కోర్ నిజంగా స్పిండిల్ బాడీకి అందుతోందో లేదో మల్టీమీటర్‌తో చూడండి, కొన్ని స్పిండిళ్లలో ఆ నాలుగో పిన్‌కు లోపల ఏమీ కలిపి ఉండదు. లిమిట్ వైర్ల షీల్డ్‌ను ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి. స్క్రూ టెర్మినళ్లలో పెట్టే వైరు కొసకు టంకం పూయకండి, టంకం మెత్తగా నలిగి కొన్నాళ్లకు పట్టు వదులవుతుంది. ఫెర్రూల్ (వైరు కొసకు తొడిగే చిన్న లోహపు గొట్టం) వేసి బిగించండి. కేబుల్ చైన్‌లో తిరిగేది అందుకోసం చేసిన ఫ్లెక్సిబుల్ కేబులే కావాలి. మామూలు వైరు లోపల తెగి, గ్యాంట్రీ ఒక చోట ఉన్నప్పుడే అలారం ఇస్తుంటుంది. అది నాయిస్ అనుకుని వెతికితే ఎప్పటికీ దొరకదు. ఎమర్జెన్సీ బటన్ ఆర్డుయినో పిన్‌కు మాత్రమే కలిపి వదిలేయకండి. అది కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును తెంచే పెద్ద రిలే) ద్వారా మోటార్ల సప్లైనీ, వీఎఫ్‌డీకి వచ్చే మెయిన్స్‌నూ నేరుగా తెంచాలి. వీఎఫ్‌డీకీ స్పిండిల్‌కీ మధ్య మాత్రం కాంటాక్టర్ పెట్టకూడదు.

అంతా కలిపాక, $21=1 (హార్డ్ లిమిట్ ఆన్) పెట్టే ముందు ప్రశ్నార్థకం (?) కమాండ్ ఇచ్చి ఒక్కో సెన్సర్ దగ్గర స్టీల్ ముక్క ఆడించండి, మైక్రోస్విచ్‌ను వేలితో నొక్కండి. జవాబులో ఆ యాక్సిస్ అక్షరం కనిపించి, వదలగానే పోవాలి. తర్వాత ఒక్కో వైరు ఊడదీసినా అదే అక్షరం రావాలి. చివరగా $21=1 చేసి, స్పిండిల్, దుమ్ము లాగే యంత్రం రెండూ నడిపిస్తూ, టూల్ లేకుండా గాల్లో గంటసేపు ప్రోగ్రామ్ తిప్పండి. దుమ్ము గొట్టంలో పుట్టే స్టాటిక్ వల్ల యూఎస్‌బీ తెగిపోతే అప్పుడే బయటపడుతుంది. గొట్టం పొడవునా రాగి తీగ చుట్టి ఎర్త్ చేసి, యూఎస్‌బీ ఐసోలేటర్ పెట్టి, అదే పరీక్ష మళ్లీ చేయండి.